నల్లమందు మానే రోజులు: ఉపసంహరణ బాధను తగ్గించే మందులపై సమీక్ష

నల్లమందు, హెరాయిన్, మార్ఫిన్, కోడీన్, ట్రమడాల్ వంటివాటిని కలిపి ఓపియాయిడ్లు అంటారు. కొన్ని వారాలపాటు రోజూ వాడినవారు వీటిని ఒక్కసారిగా ఆపితే ఒంట్లో అలజడి మొదలవుతుంది. ఆవులింతలు, కంటినీరు, ముక్కు కారడం, చెమటలు, ఒళ్ళు గగుర్పొడవడం, కాళ్ళు పీకడం, కడుపులో మెలిపెట్టే నొప్పి, విరేచనాలు, వాంతులు, నిద్ర పట్టకపోవడం, కుదురుగా కూర్చోనివ్వని ఆందోళన ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఇవే ఉపసంహరణ లక్షణాలు. మానాలని గట్టిగా అనుకున్నవారు కూడా రెండో రోజో మూడో రోజో మళ్ళీ మత్తు దగ్గరికి వెళ్ళడానికి ప్రధాన కారణం ఈ బాధే. దీన్ని చాలావరకు తగ్గించగల మందులు దశాబ్దాలుగా ఉన్నాయి. అయితే ఏ మందు ఎవరికి సరిపోతుందో, దాన్ని ఎక్కడ ఇవ్వగలరో, ఎక్కడితో దాని పని ముగుస్తుందో తెలిసి వాడితేనే అవి ప్రాణాన్ని నిలబెడతాయి.

తెలుగు నేలపై ఓపియాయిడ్లు

తెలుగు ప్రాంతాలకు నల్లమందు కొత్తది కాదు. బ్రిటిష్ కాలపు మద్రాసు రాజధానిలో (ప్రెసిడెన్సీలో) నల్లమందు వాడకం బాగా ఎక్కువగా ఉన్న చోట్లలో గోదావరి ప్రాంతం ఒకటి. అక్కడి మన్యంలో అది చలిజ్వరానికి విరుగుడన్న నమ్మకం ఉండేది. 1893లో బ్రిటిష్ ప్రభుత్వం నల్లమందుపై వేసిన రాయల్ కమిషన్ 1895లో నివేదిక ఇచ్చింది; అమ్మకాలు సాగుతూనే ఉన్నాయి. స్వాతంత్ర్యం వచ్చాక, 1949లో జరిగిన అఖిల భారత నల్లమందు సమావేశం వైద్యేతర వాడకాన్ని పదేళ్ళలో క్రమంగా తగ్గించి, 1959 మార్చి 31 నాటికి పూర్తిగా ఆపాలని నిర్ణయించింది. వాడేవారి పేర్లు నమోదు చేసి, పర్మిట్ మీద ఇచ్చే సరుకును ఏటేటా తగ్గించారు. మోతాదును మెట్లు మెట్లుగా దించడమనే వైద్య సూత్రం అలా దేశమంతటికీ పాలనా విధానమైంది.

చిత్తూరు పడమటి మండలాల్లో ఈ సమస్య సాగు రూపంలో బయటపడింది. మన దేశంలో గసగసాల పంటను నల్లమందు కోసం లైసెన్సుపై పండించే వీలు మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో గుర్తించిన ప్రాంతాలకే ఉంది. అయినా 2021లో మదనపల్లె పరిసరాల్లో అక్రమంగా వేసిన గసగసాల మొక్కలను అధికారులు పట్టుకుని పీకించారు. కూరల్లోకీ పాయసంలోకీ వాడే గింజల్లో మత్తు పదార్థం లెక్కకు వచ్చేంత ఉండదు. మత్తు ఉండేది పచ్చి కాయను గీరితే కారే పాలలో, ఎండిన కాయ బెరడులో. కర్ణాటక, తమిళనాడు సరిహద్దులకు ఆనుకుని ఉన్న రామకుప్పం, కుప్పం, పుంగనూరు వంటి చోట్ల మూడు రాష్ట్రాల రాకపోకలు సాగుతుంటాయి గనుక, సాగు సంగతిని పోలీసులకూ, వాడకం సంగతిని వైద్యులకూ వదిలేసి ఊరుకుంటే సరిపోదు.

2019లో కేంద్ర సామాజిక న్యాయ శాఖ విడుదల చేసిన జాతీయ సర్వేను ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ మాదకద్రవ్య చికిత్సా కేంద్రం నిర్వహించింది. దాని ప్రకారం దేశ జనాభాలో 2.1 శాతం, అంటే దాదాపు 2.26 కోట్ల మంది ఓపియాయిడ్లు వాడుతున్నారు. హెరాయిన్ వాడేవారు 1.14 శాతం, మందుల షాపు ఓపియాయిడ్లు వాడేవారు 0.96 శాతం, నల్లమందు వాడేవారు 0.52 శాతం. దాదాపు 77 లక్షల మందికి వైద్య సాయం అవసరమని అంచనా. వారిలో సగానికి మించి ఉన్న కొద్ది రాష్ట్రాల జాబితాలో పంజాబ్, ఉత్తరప్రదేశ్‌ల సరసన ఆంధ్రప్రదేశ్ పేరు కూడా ఉంది.

శరీరంలో జరిగేది

మెదడులోనూ పేగుల్లోనూ మ్యూ అనే గ్రాహకాలు ఉంటాయి. శరీరం తానే తయారుచేసుకునే ఎండార్ఫిన్లు వాటి మీద పనిచేసి నొప్పిని అణచుతాయి. ఓపియాయిడ్లు అదే చోట చేరి, అంతకంటే ఎంతో బలంగా పనిచేస్తాయి. మెదడు కాండంలో లోకస్ సెరూలియస్ అనే చిన్న కణసమూహం ఉంది. మెలకువ, బెదురు, గుండె వేగం, చెమట వంటివాటిని నడిపే నారడ్రినలిన్ ఎక్కువగా అక్కడి నుంచే వస్తుంది. ఓపియాయిడ్ ఈ కణాల జోరును తగ్గిస్తుంది. రోజూ అణచివేత సాగేకొద్దీ కణాలు తమ లోపలి యంత్రాంగాన్ని పెంచుకుని దాన్ని ఎదుర్కొంటాయి. తూము మూసి ఉన్న చెరువులో నీటి మట్టం లోలోపల పెరిగినట్లు ఒత్తిడి పేరుకుంటుంది. మత్తు ఆగగానే నారడ్రినలిన్ ఒక్కసారిగా పోటెత్తుతుంది. చెమటలు, గుండెదడ, గగుర్పాటు, కంటిపాప విప్పారడం ఆ పోటు గుర్తులే. పేగుల కదలికను ఇంతకాలం మందగింపజేసిన మందు పోగానే విరేచనాలు పట్టుకుంటాయి.

బాధ ఎప్పుడు మొదలై ఎన్నాళ్ళు ఉంటుందన్నది వాడిన పదార్థాన్ని బట్టి ఉంటుంది. హెరాయిన్ వంటి స్వల్పకాలిక ఓపియాయిడ్‌కు చివరి మోతాదు తరువాత 8 నుంచి 24 గంటల్లో లక్షణాలు మొదలై 4 నుంచి 10 రోజులు ఉంటాయి. మెథడోన్ వంటి దీర్ఘకాలికమైనదానికి 12 నుంచి 48 గంటల్లో మొదలై 10 నుంచి 20 రోజులు సాగుతాయి. నిద్రలేమి, నీరసం, మత్తు మీద యావ మాత్రం వారాల తరబడి వెంటాడుతాయి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారిలో ఇది నేరుగా ప్రాణం తీయడం అరుదు. కానీ వాంతులు, విరేచనాల వల్ల ఒంట్లో నీరు, లవణాలు పోతే, పట్టించుకునేవారు లేకపోతే మరణం సంభవించవచ్చు. లాకప్పుల్లో, జైళ్ళలో ఈ ప్రమాదం ఎక్కువ.

తీవ్రతను కొలవడం

మందు ఎంపికకు ముందు తీవ్రతను అంకెల్లో చూడాలి. దీనికి కౌస్ అనే కొలమానం వాడుకలో ఉంది. నాడి వేగం, చెమట, అస్థిమితం, కంటిపాప పరిమాణం, కీళ్ళ నొప్పులు, ముక్కు కారడం, కడుపు బాధ, వణుకు, ఆవులింతలు, ఆందోళన, గగుర్పాటు అనే 11 అంశాలకు మార్కులు వేస్తారు. మొత్తం 5 నుంచి 12 వస్తే స్వల్పం, 13 నుంచి 24 వరకు మధ్యస్థం, 25 నుంచి 36 వరకు మధ్యస్థానికి మించిన తీవ్రత, 36 దాటితే అతి తీవ్రం. ఖరీదైన పరికరాలేవీ అక్కరలేదు. శిక్షణ పొందిన నర్సు పది నిమిషాల్లోపే చూడగలదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కూడా సాధ్యమయ్యే పరీక్ష ఇది.

ఓపియాయిడ్‌తోనే ఓపియాయిడ్‌ను దించడం

మొదటి కోవ మందులు మ్యూ గ్రాహకాల మీదే పనిచేసి లోటును పూడుస్తాయి. తరువాత వాటి మోతాదును మెల్లగా తగ్గిస్తారు. వీటిలో పాతది మెథడోన్. 1930ల చివర జర్మనీలో తయారైన ఈ మందును రెండో ప్రపంచ యుద్ధం తరువాత అమెరికాలో కెంటకీ రాష్ట్రం లెక్సింగ్టన్‌లోని ఫెడరల్ ఆసుపత్రి వైద్యులు ఉపసంహరణకు వాడి చూశారు. నోటి ద్వారా తీసుకుంటే చాలు, రోజుకు ఒక్కసారి సరిపోతుంది, హఠాత్తుగా కైపు ఎక్కించదు. మొదటి రోజు మోతాదు మామూలుగా 20 నుంచి 30 మిల్లీగ్రాములు. అయితే ఇది ఒంట్లో నెమ్మదిగా పేరుకుంటుంది. తొందరపడి పెంచితే మూడో రోజో నాలుగో రోజో ఊపిరి మందగించే ప్రమాదం ఉంది. గుండె లయ మీద కూడా ప్రభావం చూపుతుంది కనుక గుండె జబ్బు ఉన్నవారికి ఈసీజీ తీయాలి. భారతదేశంలో మెథడోన్ చికిత్స 2012లో మొదలైంది. ఇప్పటికీ కొద్ది కేంద్రాల్లోనే దొరుకుతుంది.

మన దేశంలో ఎక్కువ వాడేది బ్యూప్రెనార్ఫిన్. 1966లో ఇంగ్లండ్‌లో తయారైన ఈ మందు పాక్షికంగానే పనిచేస్తుంది. మ్యూ గ్రాహకాన్ని గట్టిగా పట్టుకుంటుంది గానీ దాన్ని పూర్తిగా ప్రేరేపించదు. అందువల్ల ఒక స్థాయి దాటాక మోతాదు పెంచినా ఊపిరి మీద ప్రభావం ఆ మేరకు పెరగదు. మెథడోన్ కంటే ఇది సురక్షితం కావడానికి కారణం ఇదే. మింగితే కాలేయంలోనే చాలావరకు నాశనమైపోతుంది కనుక బిళ్ళను నాలుక కింద కరగనివ్వాలి. ఇక్కడ 0.4, 2 మిల్లీగ్రాముల బిళ్ళలు దొరుకుతాయి. కరిగించి ఇంజెక్షన్‌గా ఎక్కించుకోకుండా నలాక్సోన్ కలిపిన బిళ్ళ కూడా ఉంది. నాలుక కింద పెట్టుకున్నప్పుడు నలాక్సోన్ పెద్దగా పనిచేయదు. సూదితో ఎక్కించుకుంటే వెంటనే ఉపసంహరణ బాధ తెస్తుంది.

బ్యూప్రెనార్ఫిన్ విషయంలో అసలు కీలకం మొదటి బిళ్ళ ఎప్పుడు వేయాలన్నది. ఒంట్లో హెరాయిన్ ఇంకా ఉండగా వేస్తే, అది హెరాయిన్‌ను గ్రాహకాల నుంచి తోసేసి, దాని చోటును సగం బలంతోనే నింపుతుంది. అప్పుడు బాధ తగ్గడం పోయి ఒక్కసారిగా ముంచుకొస్తుంది. అందుకే స్వల్పకాలిక ఓపియాయిడ్ వాడినవారు కనీసం 12 గంటలు, దీర్ఘకాలికమైనది వాడినవారు ఒకటి రెండు రోజులు ఆగాలి. కౌస్‌లో స్పష్టమైన లక్షణాలు కనిపించాకే 2 నుంచి 4 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు. కొన్ని గంటల తరువాత చూసి, అవసరాన్ని బట్టి పెంచుతారు. బాధ అణిగాక రోజురోజుకూ తగ్గిస్తూ వారం నుంచి రెండు వారాల్లో ఆపవచ్చు. ఉపసంహరణ చికిత్సను మధ్యలో వదిలేయకుండా పూర్తి చేయించడంలో, తరువాత చెప్పబోయే క్లోనిడిన్, లోఫెక్సిడిన్‌ల కంటే బ్యూప్రెనార్ఫిన్ మెరుగని అధ్యయనాలను క్రోడీకరించిన కాక్రేన్ సమీక్ష తేల్చింది. మెథడోన్‌తో పోలిస్తే ఫలితం దాదాపు సమానం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో ఈ రెంటినీ అత్యావశ్యక ఔషధాల జాబితాలో చేర్చింది.

క్లోనిడిన్, లోఫెక్సిడిన్

రెండో కోవ మందులు ఓపియాయిడ్లు కావు. నారడ్రినలిన్ పోటును నేరుగా అణచుతాయి. క్లోనిడిన్ నిజానికి రక్తపోటు మందు. 1978లో గోల్డ్, రెడ్మండ్, క్లీబర్ అనే అమెరికా వైద్యులు అది ఉపసంహరణ లక్షణాలను తగ్గిస్తుందని ప్రకటించారు. 0.1 నుంచి 0.2 మిల్లీగ్రాముల చొప్పున ఆరు నుంచి ఎనిమిది గంటలకొకసారి ఇస్తారు. లక్షణాలు తగ్గాక దీన్ని కూడా మెల్లగా దించాలి. హఠాత్తుగా ఆపితే రక్తపోటు ఎగబాకవచ్చు.

దీని ప్రధాన దుష్ప్రభావం రక్తపోటు పడిపోవడం. ప్రతి మోతాదుకు ముందు బీపీ చూడాలి. అది 90/60 కంటే తక్కువ ఉంటే ఆ మోతాదు ఆపాలి. విరేచనాలతో నీరు పోయిన మనిషికి ముందు ఓఆర్‌ఎస్ పట్టకుండా క్లోనిడిన్ ఇస్తే లేచి నిలబడగానే కళ్ళు తిరిగి పడిపోతాడు. చెమట, గుండెదడ, గగుర్పాటు బాగా తగ్గుతాయి. ఒళ్ళు నొప్పులు, నిద్రలేమి, మత్తు మీద యావ వంటివాటిపై దీని ప్రభావం తక్కువ. అయినా ఇది ప్రత్యేక అనుమతులు అక్కరలేని మందు, చవక. బ్యూప్రెనార్ఫిన్ దొరకని పల్లె ఆసుపత్రికి ఇదే ప్రధాన ఆధారం.

లోఫెక్సిడిన్ కూడా ఇదే విధంగా పనిచేస్తుంది, రక్తపోటును తక్కువగా దించుతుంది. బ్రిటన్‌లో 1990ల తొలినాళ్ళ నుంచి వాడుకలో ఉంది. ఓపియాయిడ్ ఉపసంహరణ కోసమే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదించిన మొదటి ఓపియాయిడేతర మందు ఇదే. ఆ ఆమోదం 2018 మేలో వచ్చింది.

లక్షణాలకు విడివిడిగా

పై మందులతో పాటు ఒక్కో బాధకు ఒక్కో మందు జతచేస్తారు. విరేచనాలకు లోపెరమైడ్, కడుపు మెలికలకు డైసైక్లోమిన్, వాంతులకు ఆండాన్‌సెట్రాన్ లేదా మెటోక్లోప్రమైడ్, ఒళ్ళు నొప్పులకు పారాసిటమాల్ లేదా ఐబుప్రొఫెన్, నిద్రకు ట్రజడోన్, అస్థిమితానికి హైడ్రాక్సిజిన్ వాడతారు. డయాజిపామ్ వంటి బెంజోడయాజిపైన్లు ఇవ్వవలసి వస్తే కొద్ది రోజులకే, కళ్ళెదుటే ఇవ్వాలి. అవి కొత్త అలవాటుగా మారతాయి. ఓపియాయిడ్‌తో కలిస్తే ఊపిరిని ఆపగలవు. నీళ్ళు, ఉప్పు కలిపిన గంజి, మజ్జిగ, ఓఆర్‌ఎస్ తాగించడం, చీకటిగా నిశ్శబ్దంగా ఉన్న గది, పక్కన ఒక మనిషి ఉండటం మందులతో సమానంగా అవసరం.

అనస్థీషియా ఇచ్చి ఒక్క రోజులో విషమంతా కడిగేస్తామనే అతివేగ పద్ధతి ఒకటి ప్రచారంలో ఉంది. 2005లో వెలువడిన అమెరికా అధ్యయనంలో అది బ్యూప్రెనార్ఫిన్, క్లోనిడిన్‌ల కంటే మెరుగైన ఫలితం ఇవ్వలేదు. పైగా ప్రాణాపాయమైన దుష్ప్రభావాలు కనిపించాయి. దాన్ని వైద్య సంస్థలు సిఫారసు చేయవు.

ప్రత్యేక పరిస్థితులు

ట్రమడాల్ నొప్పి మాత్రగా మొదలై అలవాటుగా మారిన మందు. 2018 ఏప్రిల్‌లో దీన్ని మాదకద్రవ్యాలను నియంత్రించే ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి తెచ్చారు. ఇది సెరటోనిన్, నారడ్రినలిన్‌ల మీద కూడా పనిచేస్తుంది కనుక ఆపినప్పుడు కొందరిలో భ్రమలు, విపరీతమైన భయం, చేతులు కాళ్ళు మొద్దుబారడం వంటి అసాధారణ లక్షణాలు వస్తాయి. ఎక్కువ మోతాదులో వాడేటప్పుడు మూర్ఛలు రావచ్చు. అందుకే దీన్ని వైద్యుని పర్యవేక్షణలో క్రమంగా తగ్గించడం మంచిది. నల్లమందు కలిసిన కొన్ని నాటు మాత్రలు వాడుతున్నవారికి తాము ఓపియాయిడ్ తీసుకుంటున్నామన్న సంగతే తెలియకపోవచ్చు. రోగి వాడిన ప్రతి మాత్రనూ వైద్యునికి చూపించాలి.

గర్భిణులకు హఠాత్తుగా ఆపించడం ప్రమాదం. కడుపులో బిడ్డ కూడా ఉపసంహరణకు లోనవుతుంది, గర్భస్రావం, నెలలు నిండని కాన్పు జరగవచ్చు. అందుకే ప్రసవం వరకు మెథడోన్ లేదా బ్యూప్రెనార్ఫిన్ కొనసాగించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పుట్టిన బిడ్డకు వణుకు, ఆగని ఏడుపు, పాలు సరిగా తాగకపోవడం కనిపిస్తే పిల్లల వైద్యులు అవసరాన్ని బట్టి మార్ఫిన్ చుక్కలు ఇస్తారు.

తెలుగువారు ఉపసంహరణ అనగానే గుర్తుతెచ్చుకునేది తెలంగాణ కల్తీ కల్లును. 2015 సెప్టెంబరులో నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కల్తీ కల్లు ఆగిపోవడంతో వందల మంది ఆసుపత్రులకు చేరారు. 2020 లాక్‌డౌన్‌లో హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు అలాంటి రోగులే బారులు తీరారు. ఆ కల్లులో కలిపేది డయాజిపామ్, అల్ప్రాజోలమ్, క్లోరల్ హైడ్రేట్. అవి ఓపియాయిడ్లు కావు. వాటిని ఆపితే ఫిట్స్, మతిభ్రమణం వచ్చి ప్రాణం పోవచ్చు. అక్కడ క్లోనిడిన్ సరిపోదు, డయాజిపామ్ వంటి మందునే ఇచ్చి మెల్లగా దించాలి. రెండు అలవాట్లూ ఒకే మనిషికి ఉంటే ఇంట్లో చికిత్స వద్దు, ఆసుపత్రిలో చేర్చాల్సిందే.

ఉపసంహరణ తరువాత

పది రోజుల్లో ఒళ్ళు కుదుటపడిందంటే జబ్బు నయమైందని కాదు. ఓపియాయిడ్ ఆగిన కొద్ది రోజుల్లోనే తట్టుకునే శక్తి పడిపోతుంది. పాత అలవాటు ప్రకారం పాత మోతాదే తీసుకుంటే ఊపిరి ఆగిపోతుంది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో జైలు నుంచి విడుదలైనవారి మీద 2007లో వెలువడిన అధ్యయనంలో, మొదటి రెండు వారాల్లో మత్తు మోతాదు మించి చనిపోయే ప్రమాదం సాధారణ ప్రజల కంటే 129 రెట్లు ఉందని తేలింది. ఇంకా స్పష్టమైన సాక్ష్యం స్వీడన్ నుంచి వచ్చింది. 2003లో ప్రచురితమైన ఆ ప్రయోగంలో 40 మంది హెరాయిన్ రోగులను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు ఏడాదిపాటు బ్యూప్రెనార్ఫిన్, రెండో జట్టుకు ఆరు రోజుల్లో తగ్గించి ఆపేయడం. రెండు జట్లకూ కౌన్సెలింగ్ ఒకే తీరు. ఏడాది చివర మొదటి జట్టులో 75 శాతం మంది చికిత్సలో నిలిచారు. రెండో జట్టులో ఒక్కరూ మిగల్లేదు, నలుగురు చనిపోయారు.

2017లో వెలువడిన మరో క్రోడీకరణ ప్రకారం, మెథడోన్ చికిత్సలో ఉన్నప్పుడు ఏడాదికి వెయ్యి మందిలో 11.3 మరణాలు ఉంటే, చికిత్స వదిలాక 36.1కి పెరిగాయి. బ్యూప్రెనార్ఫిన్‌లో అవి 4.3, 9.5. కనుక ఉపసంహరణ మందులు ఇచ్చే వైద్యుడు మొదటి రోజునుంచే తరువాతి దశను రోగితో మాట్లాడి నిర్ణయించాలి. నెలల తరబడి, అవసరమైతే ఏళ్ళ తరబడి బ్యూప్రెనార్ఫిన్ లేదా మెథడోన్ కొనసాగించడం అన్నిటికంటే బలమైన మార్గం. ఒక మత్తు పోయి మరో మత్తు వచ్చిందని దీన్ని తప్పుపట్టేవారు ఉన్నారు. కానీ స్థిరమైన మోతాదులో ఉన్న మనిషి పనికి వెళ్తాడు, పిల్లలను చూసుకుంటాడు, సూది పట్టుకోడు.

పూర్తిగా మానదలచినవారికి నాల్ట్రెక్సోన్ ఉంది. రోజుకు 50 మిల్లీగ్రాముల బిళ్ళ గ్రాహకాలను మూసివేసి, ఓపియాయిడ్ తీసుకున్నా కైపు ఎక్కకుండా చేస్తుంది. చివరి మోతాదు తరువాత 7 నుంచి 10 రోజులు ఖాళీ ఉండాలి, లేకపోతే తీవ్రమైన ఉపసంహరణ వస్తుంది. బిళ్ళ మానేయడం తేలిక కనుక ఇంట్లోవారు దగ్గరుండి వేయించినప్పుడే ఇది బాగా పనిచేస్తుంది. మోతాదు మించినవారిని బతికించే నలాక్సోన్ ఇంజెక్షన్ ప్రతి క్యాజువాల్టీలో సిద్ధంగా ఉండాలి.

చట్టం, ఆసుపత్రి దారి

1985 ఎన్‌డీపీఎస్ చట్టానికి 2014లో చేసిన సవరణ నొప్పి నివారణకు అవసరమైన నార్కోటిక్ మందుల లభ్యతను సులభం చేసింది, వ్యసనం చికిత్సకూ చోటిచ్చింది. ఈ చట్టం 64ఏ సెక్షన్ ప్రకారం, వాడకం కేసులోనో స్వల్ప పరిమాణం కేసులోనో ఉన్న వ్యసనపరుడు తనంత తానుగా ప్రభుత్వం నిర్వహించే లేదా గుర్తించిన సంస్థలో చికిత్సకు వెళ్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంది. చికిత్సను మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మత్తు వ్యసనాన్ని దాని పరిధిలోకి తెచ్చింది, రోగిని గొలుసులతో కట్టేయడాన్ని నిషేధించింది. మందులేవీ లేకుండా గదిలో బంధించి మాన్పించే కేంద్రాలకు ఈ చట్టాల్లో చోటు లేదు.

ఉదాహరణకు, రామకుప్పం మండలంలోని ఒక కుటుంబానికి ఆచరణలో దారి ఇలా ఉంటుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కౌస్ చూసి, స్వల్ప లక్షణాలైతే క్లోనిడిన్, ఓఆర్‌ఎస్, విడి మందులతో మొదలుపెట్టవచ్చు. మధ్యస్థం దాటితే, గర్భిణి అయితే, ఫిట్స్ చరిత్ర, గుండె జబ్బు, మద్యం లేదా నిద్రమాత్రల అలవాటు ఉంటే మానసిక వైద్య విభాగం ఉన్న పెద్ద ఆసుపత్రికి పంపాలి. కుప్పంలో పీఈఎస్ వైద్య కళాశాల ఆసుపత్రి, తిరుపతిలో రుయా, కుప్పం నుంచి రైలులో సుమారు 100 కిలోమీటర్ల దూరంలో బెంగళూరు నిమ్‌హాన్స్ వ్యసన చికిత్సా కేంద్రం ఉన్నాయి. బ్యూప్రెనార్ఫిన్ గుర్తించిన కేంద్రాలకే సరఫరా అవుతుంది కనుక బయలుదేరే ముందే ఆ కేంద్రంలో మందు ఉందో లేదో కనుక్కోవాలి. నషా ముక్త్ భారత్ 14446, టెలి మానస్ 14416, ఆంధ్రప్రదేశ్ మాదకద్రవ్య నిరోధక ఈగల్ విభాగం 1972 నంబర్లకు ఫోన్ చేసి సలహా పొందవచ్చు.

ఇంటివారు గుర్తుంచుకోవలసినవి మూడు. బ్యూప్రెనార్ఫిన్, క్లోనిడిన్ వంటివాటిని పక్కవారి చీటీ చూసి కొని వేయకూడదు. బాధ తగ్గగానే చికిత్స ముగిసిందని అనుకోకుండా తరువాతి మందునూ కౌన్సెలింగ్‌నూ కొనసాగించాలి. మళ్ళీ జారితే తిట్టి ఇంటినుంచి పంపేయకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, ఎందుకంటే తట్టుకునే శక్తి తగ్గిన ఆ రోజుల్లోనే మరణ ప్రమాదం అన్నిటికంటే ఎక్కువ.